ఏహెచ్‌ఐ 34, బీపీ, షుగర్ కూడా ఉన్నాయి: వ్యాయామం ఎక్కడ మొదలుపెట్టాలి?

నిద్రకరువు_47
అందరికీ నమస్కారం. మూడు నెలల కిందట స్లీప్ స్టడీ చేయించుకుంటే ఏహెచ్‌ఐ 34 వచ్చింది. అంటే నిద్రలో గంటకు 34 సార్లు ఊపిరి ఆగిపోవడమో బాగా తగ్గిపోవడమో జరుగుతోందట, 30 దాటితే తీవ్రమైన స్లీప్ ఆప్నియానే అన్నారు. బీపీకి రెండు మందులు, షుగర్‌కి ఒకటి వాడుతున్నాను. డాక్టర్ గారు సీపాప్ మెషిన్ (నిద్రలో మాస్క్ ద్వారా ఒత్తిడితో గాలి పంపేది) రాసి, వ్యాయామం చేయండి, బరువు తగ్గండి అన్నారు. ఎలా చేయాలో మాత్రం చెప్పలేదు. రెండు అంతస్తులు ఎక్కితే ఆయాసం వస్తోంది. మెషిన్ పెట్టుకున్నాక పగటి మత్తు చాలావరకు పోయింది కానీ బరువు తగ్గకపోగా 2 కిలోలు పెరిగాను, అదే పెద్ద టెన్షన్. అలసట వల్ల కదలలేకపోతున్నానా, కదలక అలసటా? మీలో ఎవరైనా ఇలాంటి స్థితిలో మొదలుపెట్టి ఉంటే చెప్పండి.

తెల్లవారి_నడక
రెండూ నిజమేనండీ, ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయి. ఆ 2 కిలోల గురించి మాత్రం భయపడకండి. సీపాప్ మొదలుపెట్టాక కొంచెం బరువు పెరగడం చాలామందిలో కనిపించేదే. మెషిన్ గొంతులో దారి మూసుకుపోకుండా చూస్తుంది, అంతవరకే. కొవ్వు కరిగించడం దాని పని కాదు.

నేను మొదలుపెట్టినప్పుడు పది నిమిషాలు నడిస్తే చాలు, కూర్చోవాలనిపించేది. ఆ పదినే రోజుకు రెండుసార్లు చేశాను, ప్రతి వారం రెండు మూడు నిమిషాలు కలుపుకుంటూ వెళ్లాను. నాలుగు నెలలు పట్టింది అరగంట ఆగకుండా నడవడానికి. అన్నాళ్లూ బరువు కదల్లేదు, మానేద్దామనుకున్న రోజులున్నాయి. తర్వాత తెలిసిన విషయం ఏంటంటే, బరువు తగ్గకపోయినా వ్యాయామం ఆప్నియాని తగ్గించగలదు. 2011లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో 12 వారాలు వ్యాయామం చేసినవాళ్ల సగటు ఏహెచ్‌ఐ 32 నుంచి 25 దాకా దిగింది, వాళ్ల బరువులో చెప్పుకోదగ్గ మార్పు లేదు. వాళ్లు వారానికి 150 నిమిషాల ఏరోబిక్ వ్యాయామంతో పాటు కండరాల వ్యాయామం కూడా చేశారు. 25 అంటే ఆప్నియా పోయినట్టు కాదు, మాస్క్ తీసేయొద్దు. కానీ బరువు కదలనంత మాత్రాన మన కష్టం వృథా అనుకోవడం తప్పు, ఆ తప్పు నేను చేశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఫిజియో_మాట
ఫిజియోథెరపిస్టుని. నడక మొదలుపెట్టే ముందు మీ మందుల చీటీ ఒకసారి డాక్టర్‌కి చూపించి రెండు విషయాలు అడగండి. బీపీ మందుల్లో బీటా బ్లాకర్ ఉందా? ఉంటే గుండె వేగం అంతగా పెరగనివ్వదు, వాచీలో కనిపించే పల్స్ చూసి ‘నేను సరిగా కష్టపడడం లేదు’ అనుకుని అతిగా చేసేస్తారు. అలాంటప్పుడు మాటే కొలత: నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేనంత ఆయాసం ఉండాలి. రెండోది, షుగర్ మందు. ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి మందు గానీ అయితే వ్యాయామం తర్వాత షుగర్ పడిపోవచ్చు, మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే ఆ భయం చాలా తక్కువ.

బరువులు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకండి, బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, గుండె లయ తప్పినట్టు అనిపిస్తే ఆపేసి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఆప్నియా ఉన్నవాళ్లలో గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఎక్కువగా కనిపిస్తుంది, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

ఇంకొకటి: పగలంతా కూర్చునేవాళ్లకు కాళ్లలో నీరు చేరుతుంది, రాత్రి పడుకోగానే అందులో కొంత మెడ వైపు వచ్చి గొంతు దారిని ఇరుకు చేస్తుంది. గంటకోసారి లేచి నడిచినా, పిక్కలు కదిలించినా మేలే.

సన్నగా_ఉన్నా_గురకే
నేను సన్నగా ఉంటాను, అయినా నాకు ఆప్నియా ఉంది, దవడ కాస్త లోపలికి ఉండడం వల్ల అన్నారు. కాబట్టి అన్నిటికీ బరువే కారణం అనుకోకండి. మాస్క్ పెట్టుకున్నా అలసట పోకపోతే థైరాయిడ్ చూపించుకోండి, నాకు అదే తేలింది. బరువు ఎక్కువ ఉన్నవాళ్లు తగ్గితే లాభం మాత్రం ఖాయం, 10 శాతం తగ్గితే ఏహెచ్‌ఐ దాదాపు పావు వంతు తగ్గుతుందని చదివాను. కారు నడుపుతారా? మత్తుగా ఉన్న రోజు దయచేసి స్టీరింగ్ పట్టుకోవద్దు.

నిద్రకరువు_47
అందరికీ చాలా థాంక్స్. చీటీ చూశాను, మెటోప్రొలాల్ ఉంది, అది బీటా బ్లాకరే కదా? ఇన్నాళ్లూ వాచీలో పల్స్ 100 దాటడం లేదని వేగం పెంచి, దాంతోనే నీరసపడి మానేశాను. థైరాయిడ్ పరీక్ష ఈ వారమే చేయిస్తాను. రేపు పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది.

ఫిజియో_మాట
అవునండీ, అది బీటా బ్లాకరే. పల్స్ భయంతో మందు మీరే ఆపేయకండి. వాచీ ఇంట్లో పెట్టి వెళ్లండి.