సమురాయ్ గేముల్లో బాస్ ఫైట్ గుర్తుండిపోయేది కష్టం వల్లనా, కథ వల్లనా?

కత్తిబాబు:
మా తమ్ముడితో ఇంట్లో మొదలైన గొడవ ఇక్కడికి పట్టుకొచ్చాను. సెకిరో అనే జపాన్ కత్తియుద్ధాల గేములో ఈజీ మోడ్ (తేలిగ్గా ఆడే సెట్టింగ్) పెట్టకపోవడం పొగరు అంటాడు వాడు. వాడి ఫ్రెండ్స్ ఇద్దరు మధ్యలోనే వదిలేశారట. 2019లో గేమ్ ఆఫ్ ది ఇయర్ కొట్టిన గేమ్ చివరిదాకా చూడలేకపోతే డబ్బులెందుకు పెట్టాలి అని వాడి ప్రశ్న.

నేనేమంటానంటే, ఆ బాస్‌లు (దారికి అడ్డంగా నిలిచే పెద్ద శత్రువులు) గొప్పగా అనిపించేదే కష్టం వల్ల. ఆఖరి బాస్ ఇస్షిన్ దగ్గర నాకు మూడు రాత్రులు పట్టింది. ముందు గెనిచిరో అనే ఇంకో బాస్‌ని పడగొట్టాలి, ఆ తర్వాత ఇస్షిన్‌ని మూడుసార్లు. కత్తితో వస్తాడు, తర్వాత ఈటె తీస్తాడు, తుపాకీ కూడా పేలుస్తాడు, చివర్లో మెరుపులు. ఆఖరి దెబ్బ పడ్డప్పుడు నా చేతులు వణికాయి. రెండో ప్రయత్నానికే పడిపోయి ఉంటే ఈపాటికి పేరు కూడా మర్చిపోయేవాణ్ని. కష్టం వల్లే గుర్తుంటుంది, కాదనేవాళ్లు రండి. స్పాయిలర్లు ఉంటాయి, ఆడనివాళ్లు ఇక్కడే ఆగిపోండి.

గోదారిగట్టు:
కాదనడానికి వచ్చాను. ఘోస్ట్ ఆఫ్ త్సుషిమా చివర్లో షిమురాతో ద్వంద్వయుద్ధం నేను మొదటిసారే గెలిచాను. కష్టమేమీ కాదు. కానీ అది గెలిచి మూడేళ్లైనా మర్చిపోలేదు.

ఆడనివాళ్ల కోసం చెప్తున్నా. 1274లో మంగోలులు త్సుషిమా ద్వీపం మీద పడతారు. జిన్ సకాయ్ సమురాయ్ పద్ధతి పక్కనపెట్టి, చాటుగా చంపి, విషం పెట్టి ద్వీపాన్ని కాపాడతాడు. దానికి శిక్షగా జిన్ తల తెమ్మని షోగున్ (జపాన్ సైనిక పాలకుడు) ఆజ్ఞ. తేవాల్సినవాడు షిమురా. సబ్‌టైటిల్‌లో "అంకుల్" అని వస్తుంది కానీ ఆయన జిన్‌కి మేనమామ. తండ్రి పోయాక పెంచి, కత్తి పట్టడం నేర్పి, వారసుడిగా దత్తత తీసుకుందామనుకున్న మనిషి. ఇద్దరూ పక్కపక్కన గుర్రాల మీద వెళ్తారు, కూర్చుని మాట్లాడుకుంటారు, తర్వాత ఎర్రటి ఆకుల మధ్య కత్తులు దూస్తారు. గెలిచాక గేమ్ నిన్నే అడుగుతుంది: చంపుతావా, వదిలేస్తావా? ఆయన మర్యాద ప్రకారం చంపమంటున్నాడు. ఇక్కడ కష్టం బటన్లలో ఎక్కడుంది చెప్పు?

కత్తిబాబు:
అది సినిమా గుర్తుండటం అన్నా, ఫైట్ గుర్తుండటం కాదు. షిమురా ఏ దెబ్బలు కొడతాడో చెప్పగలరా? నేను ఇస్షిన్‌వి వరుసగా చెప్పగలను.

గోదారిగట్టు:
...చెప్పలేను. పాయింటే.

రెండోషిఫ్ట్:
నైట్ షిఫ్ట్ అయ్యాక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆడేవాణ్ని. సెకిరో నాకు గుర్తుండేది చెవుల్లో. డిఫ్లెక్ట్ (దెబ్బ తగిలే క్షణంలో కత్తితో తోసేయడం) సరిగ్గా పడితే ఒక ఖంగు, కాస్త ఆలస్యమైతే మొద్దు చప్పుడు. చిన్నప్పుడు మృదంగం క్లాసులో గురువుగారు చేత్తో తాళం వేయిస్తూ, తప్పితే తొడ మీద ఒకటి వేసేవారు. గెనిచిరో అచ్చం అలాగే నేర్పాడు. రెండో వారానికి కళ్లు మూసుకున్నా ఆ వరస తెలిసేది. ఎదుటివాడి తాళం చేతికి పట్టుబడితేనే ఆ ఫైట్ గుర్తుంటుంది. కష్టం, కథ రెండూ ఆ తర్వాతే.

పాత_కన్సోల్:
పిల్లలూ, 1997లో బుషిడో బ్లేడ్ అని ఒకటి వచ్చింది, ప్లేస్టేషన్‌లో. హెల్త్ బారే (ఎంత ప్రాణం మిగిలిందో చూపే గీత) లేదు. తగలకూడని చోట ఒక్క దెబ్బ తగిలితే పని అయిపోయినట్టే. కాలికి తగిలితే మోకాళ్ల మీద పాకుతూ పోరాడాలి. ఇంకో విషయం, స్టోరీ మోడ్‌లో వెన్నుపోటు పొడిచినా, ఎదుటివాడు సిద్ధం కాకముందే కొట్టినా పద్ధతి తప్పావని ఆట అక్కడితో ముగిసేది. నేను మొదటిసారి గెలిచానని ఎగిరి గంతేశాను, స్క్రీన్ మీద తిట్టు వచ్చింది.

పది నిమిషాలు గీకితేగాని తరగని హెల్త్ బార్ పెట్టి దాన్నే కష్టం అంటున్నారు ఇప్పుడు. కత్తి అంటే భయం కదా. ఒక్క దెబ్బకి పోతామన్న టెన్షన్ ఉంటే చాలు.

నియోప్రేమి:
ఇదే మాట నియో అనే సమురాయ్ గేము వాళ్లకి చెప్పండి 😀 నేను నియో 1, 2 రెండూ పూర్తి చేశాను. నియో 1 మొదట్లో వచ్చే బాస్ ఒన్ర్యోకి గుర్తున్నాడు, ఓడ మీద గొలుసులకి కట్టిన ఇనుప గుండ్లు తిప్పుతూ మీదకొస్తాడు. ఎందుకు గుర్తున్నాడంటే అప్పటికి నా దగ్గర ఏమీ లేదు. ఆ తర్వాత స్లోత్ తాలిస్మాన్ దొరికింది, బాస్ మీద వేస్తే వాడి కదలికలే నెమ్మదిస్తాయి. అక్కడినుంచి ఒక్క బాస్ కూడా సరిగ్గా గుర్తులేదు. లెవెల్ పెంచాను, తాలిస్మాన్ వేశాను, కొట్టాను, పోయాడు. తచిబానా మునెషిగె ఒక్కడే మినహాయింపు. మనిషి, కత్తి, అంతే. వాడి మీద కావాలనే తాలిస్మాన్ వాడలేదు.

కాబట్టి కత్తిబాబు చెప్పింది సగం నిజం. కష్టం ఉండటం ఒక్కటే సరిపోదు, దాన్ని తప్పించుకునే దారి కూడా ఉండకూడదు. ఘోస్ట్‌లో కూడా ద్వంద్వయుద్ధాల్లో కునాయిలు (విసిరే చిన్న కత్తులు), పొగ బాంబులు వాడనివ్వదు చూడండి.

మణికట్టు:
నేను మీ అందరి మీదా కోపంగా రాస్తున్నాను, ముందే చెప్తున్నా.

రెండేళ్ల క్రితం నా కుడిచెయ్యి మణికట్టు విరిగింది. అతికింది కానీ గట్టిగా, త్వరగా నొక్కలేను. సెకిరోలో లేడీ బటర్‌ఫ్లై అనే బాస్ దాకా వచ్చి వదిలేశాను. మీరు "తప్పించుకునే దారి ఉండకూడదు" అంటున్నారు, నాకు అసలు లోపలికి వెళ్లే దారే లేదు. ఘోస్ట్‌లో పోరాటం తీవ్రత తగ్గించే ఆప్షన్ పెట్టుకుని ఆడాను. ద్వంద్వయుద్ధాలన్నీ చేశాను. మొదట్లో అదాచి ప్రభువు ఒంటరిగా ముందుకెళ్లి, తన పేరు చెప్పి, మీలో వీరుడెవడో రమ్మని సవాలు విసురుతాడు. మంగోలుల నాయకుడు ఖోతున్ ఖాన్ మాటకి మాట లేకుండా అతని మీద మద్యం పోసి, నిప్పంటించి, తల తీసేస్తాడు. చివరికి ఆ ఖాన్ ఎదురుగా నిలబడ్డప్పుడు ఆ సీనే కళ్లముందు ఉంది. అది నాకు గుర్తుంది. తక్కువ తీవ్రతలో ఆడాను కాబట్టి నా జ్ఞాపకం నకిలీదా?

కత్తిబాబు:
సారీ అండీ. అలా అనలేదు.

మణికట్టు:
"రెండో ప్రయత్నానికే పడిపోయి ఉంటే పేరు మర్చిపోయేవాణ్ని" అన్నారు. నేను ఖాన్‌ని రెండో ప్రయత్నానికే పడగొట్టాను.

నియోప్రేమి:
నా మాట కూడా వెనక్కి తీసుకుంటున్నా, కనీసం సగం. నాకు తాలిస్మాన్ సోమరితనం, మీకు ఆ ఆప్షన్ తలుపు. రెండూ ఒకటి కాదు.

పాత_కన్సోల్:
అదాచి సంగతి బాగా ఎత్తారు. యుద్ధానికి ముందు పేరు, వంశం చెప్పుకోవడం పాత జపాన్ యుద్ధకథల్లో ఉన్న ఆచారమే. మన పద్యనాటకంలో ఒక్కొక్కడూ రంగం మీదకొచ్చి రాగం తీసి నేను ఫలానా అని చెప్పుకోడూ? సెకిరోలో గ్యోబు అనే బాస్ కోట ముందు మైదానంలో గుర్రం మీద ఊగిపోతూ తన పూర్తి పేరు అరిచి చెప్తాడు. నాకు వాడి ఫైట్ కంటే ఆ అరుపే గుర్తుంది. బాస్‌కి ప్రవేశం ఉండాలి. ఒకప్పుడు హరిశ్చంద్రుడి వేషగాడు వస్తుంటే కబుర్లు ఆపి చూసేవాళ్లు.

హైదరాబాదీ_హత్తోరి:
ప్రవేశం సరే, సెకిరోలో గార్డియన్ ఏప్ అనే పెద్ద కోతి బాస్ నిష్క్రమణ గురించి ఎవరూ మాట్లాడరేంది? తల తెగింది, చంపినట్టు స్క్రీన్ నిండా అక్షరాలు పడ్డయి, నేను కంట్రోలర్ సోఫా మీద పెట్టి నీళ్లు తాగనీకి లేచిన. తిరిగొచ్చి చూస్తే ఆ కోతి తన తల తనే చేత్తో పట్టుకుని నిలబడ్డది. చచ్చిన. గేమ్ నన్ను అంత నీట్‌గా మోసం చేసుడు అదే మొదలు, అదే ఆఖరు.

రెండోషిఫ్ట్:
😂 నేను కూడా. అందరం ఒకే సోఫా బాధితులం.

రైజింగ్‌ఫ్యాన్:
మెటల్ గేర్ రైజింగ్ (2013) గేములో బాస్ జెట్‌స్ట్రీమ్ శామ్‌ని ఎవరూ తలవకపోవడం అన్యాయం. వాడి కత్తి ఒరలో ట్రిగ్గర్ ఉంటుంది, నొక్కితే కత్తి తూటాలా బయటికొస్తుంది. ఖాళీ రోడ్డు, వాడు, మనం. ఫైట్ ముదిరేకొద్దీ పాటకి గొంతు కలుస్తుంది. ఇంకేం కావాలి?

కత్తిబాబు:
మణికట్టు గారి మాట తర్వాత రెండు రోజులు ఆలోచించాను. గేమ్ మళ్లీ మొదటినుంచి పెట్టాను కూడా. నా వాదన మార్చుకుంటున్నాను, పూర్తిగా కాదు.

గెనిచిరో మనకి మూడుసార్లు ఎదురవుతాడు. మొదట గేమ్ ఆరంభంలోనే, వెండిరంగు గడ్డి మైదానంలో. అక్కడ ఓడిపోవాల్సిందే. బాగా ఆడి వాణ్ని కొట్టినా సరే, చివరికి మన చెయ్యి తెగుతుంది. రెండోసారి కోట పైన. అక్కడే మెరుపుని గాల్లో అందుకుని తిరిగి వాడి మీదకే విసరడం నేర్చుకుంటాం. మూడోసారి మళ్లీ అదే గడ్డి మైదానంలో, ఇస్షిన్‌కి ముందు. చాలామంది ఆ మూడోసారిని తిట్టుకుంటారు. ఇస్షిన్ చేతిలో పోయిన ప్రతిసారీ ముందు వీణ్ని కొట్టుకురావాలి, టైమ్ వేస్ట్ అని. నేనూ తిట్టాను.

కానీ ఇరవయ్యోసారికో ఎప్పుడో గెనిచిరో నిమిషంలో పోతున్నాడు. ఒక్క దెబ్బ తగలకుండా. వారం క్రితం ఇదే మనిషి దగ్గర నేను ఏడుపొక్కటే తక్కువగా కూర్చున్నాను. వాడు మారలేదు. నాకు గుర్తుండిపోయింది నిజానికి ఇస్షిన్ కాదు, ఆ నిమిషం. కష్టం తేలికైన నిమిషం. ముందు కష్టం లేకపోతే అది రాదు, నిజమే, కానీ ఎవరి కష్టం వాళ్లకి ఉంటుంది. మణికట్టు గారికి ఖాన్ అలాంటివాడే అయ్యుంటాడు.

గోదారిగట్టు:
ఇది ఒప్పుకుంటా. ఇంకొకటి కలపనా? షిమురా జిన్ గురువు. సెకిరోలో ఔల్ హీరోని పెంచిన తండ్రి. అతనితో పోరాడితే షురికెన్‌లు (విసిరే పదునైన ఇనుప చక్రాలు), టపాకాయలు, అంతా మన సామానే మన మీదకి విసురుతాడు. నేర్పినవాడి మీదే నేర్చుకున్నది వాడాలి. కత్తి కథల్లో ఇంతకంటే పెద్ద బాస్ ఎవరుంటారు? షిమురా ఏ దెబ్బలు కొడతాడో నాకు ఎందుకు గుర్తులేదో కూడా ఇప్పుడు తెలిసింది. చిన్నప్పటి సీన్లలో ఆయన నేర్పినవే అవి, కొత్తగా చూసినట్టు అనిపించలేదు.

కత్తిబాబు:
అది మాత్రం మీరు ఇప్పుడే అల్లిన సాకు అన్నా.

గోదారిగట్టు:
అల్లిందే. కానీ బాగుంది కదా.

మణికట్టు:
"నిమిషం" వాదన నాకు సమ్మతమే. అయినా సెకిరోలో ఒక ఆప్షన్ పెడితే మీ నిమిషం ఎవరూ దొంగిలించరు. అది నేను వదలను.

కత్తిబాబు:
వదలొద్దు. మా తమ్ముడు కూడా వదల్లేదు, అదే చెప్తూ చెప్తూ నిన్న కొత్త సేవ్ మొదలెట్టాడు. ఇప్పుడు గ్యోబు దగ్గరున్నాడు. పక్కగదిలోంచి అరుపులు వినిపిస్తున్నాయి, గ్యోబువి కాదు.

నియోప్రేమి:
టపాకాయలు వాడమను. గుర్రం బెదురుతుంది.

కత్తిబాబు:
చెప్పను.