సెర్చ్ లాగుల్లో పేర్లు తీసేస్తే సరిపోతుందా?

ప్రశ్న (నివేదిక): జ్వరాలు ఎక్కడ ముసురుకుంటున్నాయో పట్టడానికి పరిశోధకులకు మూడు నెలల సెర్చ్ లాగులు (ఎవరు ఎప్పుడు ఏం వెతికారన్న రికార్డులు) ఇవ్వాలన్నది ప్రతిపాదన. పేరు, ఐపీ అడ్రస్ తీసేసి యూజర్‌కో నంబరు ఇస్తారు. ఇది చాలదా? క్వెరీలను, అంటే వెతికిన మాటలను, హ్యాష్ చేస్తే (ఒక ఫంక్షన్‌తో గుర్తుపట్టలేని కోడ్‌గా మారిస్తే)?

గణక: చాలదండీ. 2006 ఆగస్టులో అమెరికా ఇంటర్నెట్ సంస్థ ఏఓఎల్ ఇదే చేసింది. సుమారు 6,50,000 మంది యూజర్లు, మూడు నెలలు, దాదాపు 2 కోట్ల క్వెరీలు, పేర్ల బదులు నంబర్లు. కొద్ది రోజుల్లోనే న్యూయార్క్ టైమ్స్ విలేకరులు ఒక నంబరు వెనకున్న మనిషి ఇంటికి వెళ్లారు. ఊరి పేరు, ఇంటిపేరు ఉన్న క్వెరీలే దారి చూపాయి. ఏఓఎల్ ఫైలు తీసేసింది గానీ అప్పటికే కాపీలు పాకిపోయాయి. విడిగా ఏ పూసా ఎవరిదో చెప్పదు, దండ చెబుతుంది. ఆ నంబరే దారం.

హ్యాష్ కూడా నిలవదు. పదాల జాబితాకు అదే ఫంక్షన్ వేసి పోల్చితే బయటపడతాయి. రహస్య కీ కలిపినా, తరచుగా వచ్చే పదాలను వాటి సంఖ్య, పక్క పదాలే పట్టిస్తాయి.

శేషం: జ్వరాల అంచనాకు ఒక్కొక్కరి లాగు అసలు అక్కర్లేదు. లక్షణాల పదాలు ముందే ఖాయం చేసుకోండి. జనం టైప్ చేసిన వాక్యాలు బయటికి పోకూడదు, ఫోన్ నంబర్లు వాటిలోనే ఉంటాయి. తర్వాత ప్రాంతం, వారం, పదం చొప్పున ఎంతమంది వెతికారో లెక్కించండి, అలాంటి ఒక్కో లెక్క పట్టికలో ఒక గడి. ఒకరు వందసార్లు వెతికినా ఒకటే. ఒక్కొక్కరు వారానికి 5 గడుల్లోనే లెక్కకు రావాలి. ఆపైన ప్రతి లెక్కకూ నాయిస్, అంటే యాదృచ్ఛికమైన చిన్న తేడా, కలపండి. ఒక మనిషి గురించి ఎంత బయటపడొచ్చో చెప్పే హద్దు ఎప్సిలాన్, అది తగ్గితే రక్షణ పెరుగుతుంది. వారానికి ఎప్సిలాన్ 1 అనుకుంటే లాప్లాస్ (నాయిస్‌లో ఒక రకం) నాయిస్ స్కేలు 5, ప్రామాణిక విచలనం దాదాపు 7. లెక్క 4,000 ఉన్నచోట అది కనబడదు. ఆరుగురే ఉన్నచోట లెక్కనే మింగేస్తుంది, ఆ ఆరుగురికి కావలసిందీ అదే.

ఎక్కువగా చెడేది ఇక్కడ: చిన్న అంకెలు దాచే హద్దును నాయిస్ కలపకముందే పెడతారు. అప్పుడు గడి ఖాళీగా ఉండటమే ఒక సమాచారం. పాత వారాలను కొత్త నాయిస్‌తో మళ్లీ విడుదల చేసినా ముప్పే, సగటు తీస్తే అసలు లెక్క తేలుతుంది. వారం వారం ఖర్చయ్యే ఎప్సిలాన్ ఏడాదికి 52 దాకా పేరుకుంటుందనీ మరవకండి.

నివేదిక: మరి అరుదైన సంకేతాలు పోవా, శేషం గారూ?

శేషం: పోతాయి. పారాక్సెటీన్ (డిప్రెషన్ మందు), ప్రవాస్టాటిన్ (కొలెస్ట్రాల్ మందు) కలిపి వాడితే రక్తంలో చక్కెర పెరుగుతుందన్న సంకేతం క్వెరీల్లోనూ ఉందని 2013లో ఒక అధ్యయనం చూపింది. దానికి ఒకే మనిషి రెండు మందులనూ, లక్షణాలనూ వెతికారా అన్నది కావాలి. అక్కడ వాడినవి లాగులు పంచుకోవడానికి ఒప్పుకున్నవాళ్లవి. అలాంటి పనికి డేటా బయటికి ఇవ్వకండి. పరిశోధకుల కోడ్‌ను లోపల నడిపి, ఫలితం మాత్రం తనిఖీ చేసి పంపండి.

గణక: ఒక మాట చేరుస్తాను. సెర్చ్‌లను బట్టి ఫ్లూను అంచనా వేసిన గూగుల్ ఫ్లూ ట్రెండ్స్ 2012–13 సీజన్ ఉచ్ఛదశలో, అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ లెక్కకు దాదాపు రెట్టింపు చెప్పింది. వార్తలు చూసి వెతికేవాళ్లూ అందులో కలిసిపోతారు. కాబట్టి లాగులు అడిగేవాళ్లను, ఆసుపత్రి లెక్కలతో ప్రతి వారం ఎలా సరిపోలుస్తారో ముందే రాసివ్వమనండి.