కామిక్‌లో ఉన్న మనిషిని టీవీలో ఎందుకు మార్చీస్తారు?

బరంపురం బుల్లోడు:
మా బాబాయి ట్రంకు పెట్టెలో హల్క్ కామిక్కులు దొరికాయి, చెదలు తినగా మిగిలినవి. అందులో కోపమొస్తే హల్క్ అనే పచ్చ రాక్షసుడిగా మారే మనిషి పేరు బ్రూస్ బానర్ అని ఉంది, 1977లో మొదలైన టీవీ సీరియల్లో చూస్తే డేవిడ్ బానర్ అంటారు. పేరు మార్చాల్సిన కర్మేటి?

పర్లాకిమిడి పాఠకుడు:
తమ్ముడూ, అది తీసినాయన కెన్నెత్ జాన్సన్‌కి ఆ బి-బి ప్రాస నచ్చలేదు, మరీ కామిక్ బొమ్మ పేరులా ఉందని. పెద్దోళ్ళు చూసే డ్రామాలా ఉండాలనుకున్నాడు, అందుకే కామిక్‌లో బానర్‌ని హల్క్‌గా మార్చిన గామా బాంబు కూడా తీసీసి, భార్యని కారు మంటల్లోంచి కాపాడుకోలేకపోయిన డాక్టరు లాబులో తన మీదే ప్రయోగం చేసుకున్నట్టు మార్చాడు. కామిక్‌లో వాగే హల్కు ఇక్కడ గుర్రుమనడమే. నాకైతే ఇదే నచ్చింది.

గుణుపురం చెల్లి:
డబ్బులు కూడా అన్నా. వాకింగ్ డెడ్ అనే జాంబీల కామిక్‌లో గవర్నర్ అనే విలన్ హీరో రిక్ చెయ్యి నరికీస్తాడు, ఆ సీరియల్లో అదే చేసుంటే ప్రతి షాటులో హీరో చెయ్యి దాచాలి, ఎవడు పెడతాడు అంత ఖర్చు?

బరంపురం బుల్లోడు:
సర్లే, మరి ఆ సీరియల్లో డారిల్? కామిక్‌లో లేనే లేడు కదా

పర్లాకిమిడి పాఠకుడు:
డారిల్ వేషం కట్టిన నార్మన్ రీడస్ మొదట మెర్ల్ అనే వేషానికి ఆడిషన్‌కి వచ్చాడు, అది దక్కలేదు గానీ మనిషి నచ్చి ఆయన కోసమే మెర్ల్ తమ్ముడిగా డారిల్ పాత్ర రాసీసారు. మీ గంజాంలో ప్రహ్లాద నాటకం చూడలేదేటి, వేషం కట్టినోడిని బట్టే హిరణ్యకశిపుడి నడక మారిపోద్ది.

గుణుపురం చెల్లి:
జోకర్ జోడీ హార్లీ క్విన్‌ది ఇంకా తిరకాసు, 1992లో బ్యాట్‌మ్యాన్ కార్టూన్లో పుట్టి తర్వాత కామిక్‌లోకి వెళ్ళింది 😄