సస్కాచెవాన్‌లో రూరల్ మునిసిపాలిటీ అంటే మన పంచాయతీ లాంటిదేనా?

పర్లాకిమిడి నుంచి:
మా తమ్ముడికి కెనడాలోని సస్కాచెవాన్‌లో పొలం పని దొరికింది. అడ్రసులో ఊరి పేరు లేదు, రూరల్ మునిసిపాలిటీ అని ఒక నంబరు ఉంది. పక్కిల్లు రెండు మైళ్ల దూరమట. మా వీధిలో అమ్మ గుమ్మంలోంచి కేకేస్తే నలుగురు పలుకుతారు. ఆవిడకి ఒకటే టెన్షన్. వాడికి ఒంట్లో బాగోకపోతే ఎవర్ని పిలవాలి?

రాయగడ నుంచి:
ఆరేళ్లు అక్కడే పనిచేశానండి. పంచాయతీ లాంటిదే, కానీ నేల చాలా, మనుషులు తక్కువ. నేలంతా గళ్లుగా కొలిచారు. సెక్షన్ అంటే చదరపు మైలు, 640 ఎకరాలు. 36 సెక్షన్లు ఒక టౌన్‌షిప్. మామూలుగా తొమ్మిది టౌన్‌షిప్పులు కలిస్తే ఒక మునిసిపాలిటీ. సర్పంచిలాంటి ఆయన్ని రీవ్ అంటారు. రోడ్లు, వంతెనలు, మంచు తీయించడం వాళ్ల పని. ఆసుపత్రి, బడి వాళ్ల చేతిలో ఉండవు.

అంబులెన్స్‌కి 911. ముందు ఒక పని చేయించండి: ఆ ఇంటి సెక్షన్, టౌన్‌షిప్, రేంజ్ (టౌన్‌షిప్ ఏ నిలువు వరసలో ఉందో చెప్పేది) నంబర్లు కాగితం మీద రాసి ఫోన్ దగ్గర అంటించమనండి. కంగారులో గుర్తురావు. చలి మైనస్ 30 దాటుతుంది, కారులో దుప్పటి ఉండాల్సిందే.

బరంపురం నుంచి:
మనం వండుకునే మసూర్ పప్పులో కొంత ఆ నేలలో పండిందే. అమ్మగారికి ఆ మాట చెప్పండి.

పర్లాకిమిడి నుంచి:
చెప్పాను. నంబర్లు ఈ రాత్రే రాయిస్తాను, అన్నగారూ.