విశాఖ–భీమిలి తీరం: అమ్మతో ఒక్క రోజులో ఏం చూడొచ్చు?

ప్రశ్న:
వచ్చే నెల హైదరాబాద్ నుంచి వైజాగ్ వస్తున్నాం. అమ్మకు మోకాళ్ల నొప్పులు. బాబుకు రాళ్లంటే ప్రాణం. భీమిలి రోడ్డుకు ఒక్క రోజే ఉంది. ఏది వదులుకోకూడదు?

జవాబు:
మాది భీమిలేనండీ. ముందు ఎర్రమట్టి దిబ్బలకు వెళ్లండి, పొద్దున్నే అయితే మంచిది. గాలి మోసుకొచ్చిన ఇసుక వేల ఏళ్లలో ఇనుము తుప్పుతో ఎర్రబడి, వానలకు కోసుకుపోయి లోతైన గెడ్డలైంది. బాబును అంచుల మీద మాత్రం నడవనివ్వకండి, మట్టి విరిగిపడుతుంది. గోడల మీద పేర్లు చెక్కేవాళ్లను చూస్తే నాకు కడుపు మండిపోతుంది, మీరైనా వారించండి.

తొట్లకొండ పైదాకా కారు వెళ్తుంది, అమ్మగారికి ఇబ్బంది ఉండదు. బౌద్ధ భిక్షువులు వాననీళ్ల కోసం రాతిలో తొలిచిన తొట్లు ఇప్పటికీ ఉన్నాయి. అక్కడి నుంచి సముద్రం ఎంత బాగుంటుందో! కిందికొచ్చాక మంగమారిపేట దగ్గర సహజ శిలాతోరణం చూపించండి, ఆటు సమయంలోనే దగ్గరికి వెళ్లాలి. వేళ ఎప్పుడో అక్కడి మత్స్యకారులను అడగండి. మిగిలిన టైముంటే భీమిలిలో డచ్చివాళ్ల సమాధులు.

మరో జవాబు:
ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి కూడా చూడండి. 1969లో నౌకాదళంలో చేరింది, 2002 నుంచి మ్యూజియం. లోపల తలుపులు ఇరుకు, వంగి దాటాలి. అమ్మగారు బయట కూర్చుంటే మేలు.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ. ఋషికొండలో బాబు నీళ్లలో దిగొచ్చా?

జవాబు:
లైఫ్‌గార్డులు చూపించిన చోట, మోకాలి లోతు దాటకుండా. యారాడలో అయితే అసలు వద్దు, అలలు లోపలికి లాగేస్తాయి.