‘పోస్సు’నా, ‘కొన్సీగు’నా? తలనొప్పి ప్రశ్నావళిలో ఒక క్రియ

ప్రశ్న (సావో పావులో నుంచి): తలనొప్పిని తానే అదుపులో పెట్టుకోగలనన్న నమ్మకం రోగికి ఎంత ఉందో కొలిచే ప్రశ్నావళి పోర్చుగీసు చిత్తుప్రతి ఒకటి ఇటీవల నా కంటబడింది. మూలం 2000లో ఫ్రెంచ్, హోల్‌రాయిడ్ అనే పరిశోధకులు, వారి సహచరులు ఇంగ్లీషులో ప్రచురించిన 25 వాక్యాల కొలమానం. ఒక్కొక్క వాక్యంతో తాను ఎంత ఏకీభవిస్తాడో రోగి ఒకటి (అసలు కాదు) నుంచి ఏడు (పూర్తిగా అవును) వరకు గీత పెట్టి చెబుతాడు. అందులోని ఒక వాక్యం నన్ను వదలడం లేదు. పూర్తిగా గుర్తులేదు గాని, నొప్పి రాకుండా చూసుకోగలను అన్నది దాని భావం. క్రియ దగ్గర మొదట ‘పోస్సు’ అని ఉండగా, ఎవరో దాన్ని కొట్టివేసి ‘కొన్సీగు’ అని దిద్దారు. రెండింటినీ మనం ‘గలను’ అనే తెలిగిస్తాం కదా, మరి ఆ దిద్దుబాటు ఎందుకు?

లిస్బన్ సభ్యురాలు: దిద్దినవారిది మంచి చెవి. ‘పోస్సు’లో సామర్థ్యంతో పాటు అనుమతి, సంభావ్యత కూడా ఉన్నాయి. వైద్యుడి గది బయట కూర్చుని కాగితం నింపే రోగికి అది ‘చేయవచ్చునా’ అన్నట్లు వినిపించే ప్రమాదం ఉంది. ‘కొన్సీగు’కు అనుమతితో సంబంధం లేదు, పట్టుబట్టి సాధించడమే దాని అర్థం.

గుంటూరు మాస్టారు: అమ్మా, తేడా మీరు చెప్పినంత దూరంలో లేదు, మన ‘గల’లోనే ఉంది. ‘చేయగలను’లోని ఆ అక్షరాలు ఉండటాన్ని చెప్పే ‘కల’ నుంచి వచ్చినవే. పోతన గజేంద్రుడు ‘కలడో లేడో’ అని తడబడిన చోట ఉన్నది ఉనికి గురించిన సందేహం. కాబట్టి ‘గలను’ అన్నవాడు శక్తి తనలో ఉన్నదని మాత్రమే అంటున్నాడు, ఫలితం చేతికి వచ్చిందని అనడం లేదు. ‘వచ్చు’ సంగతి వేరు. ‘నాకు ఈత వచ్చు’ అన్నప్పుడు నేర్పు, ‘ఈదవచ్చు’ అన్నప్పుడు అనుమతి. ‘పోస్సు’ను ‘వచ్చు’ పక్కన, ‘కొన్సీగు’ను ‘గలను’ పక్కన పెట్టాలని నా అభిప్రాయం.

హైదరాబాదు పరిశోధకుడు: మాస్టారి వ్యుత్పత్తితో నాకు పేచీ లేదు, జత కుదర్చడంతోనే పేచీ. ‘కొన్సీగు’ వర్తమానంలో ఉన్నా గతాన్ని మోసుకొస్తుంది. అది ఇంతవరకు నెగ్గుకొస్తున్నాను అనే వాంగ్మూలం. మనస్తత్వవేత్త బండూరా 2006లో ఇటువంటి కొలమానాల తయారీ గురించి రాసినప్పుడు, వాక్యం ‘చేయగలను’ అని ఉండాలే గాని ‘చేస్తాను’ అని ఉండరాదని, మొదటిది సామర్థ్యాన్ని, రెండవది సంకల్పాన్ని తెలుపుతుందని స్పష్టంగా చెప్పాడు. ‘కొన్సీగు’ రాస్తే మనం కొలిచేది నమ్మకాన్ని కాదు, జరిగిన చరిత్రను. నెలకు పదిసార్లు నొప్పితో పడుకునే మనిషికి ధైర్యం ఎంత ఉన్నా, ఏడు మెట్ల కొలతలో ఒకటి దగ్గరే గీత పెడతాడు. ‘సో కపాజ్’, అంటే ‘నేను సమర్థుణ్ణి’ అని తేల్చి రాయడం మేలు.

లిస్బన్ సభ్యురాలు: బ్రెజిల్‌లో మేలేమో. ఇక్కడ ‘రేపు వెళ్ళడానికి సో కపాజ్’ అంటే ‘బహుశా రేపు వెళ్తానేమో’ అని కూడా అర్థం. నమ్మకాన్ని కొలవబోయి ‘ఏమో’ను కొలుస్తారు.

సావో పావులో నుంచి: నాకు ఇంకొక చిక్కు తోస్తున్నది. ప్రశ్నావళిని ఒక భాష నుంచి మరొక భాషకు మార్చే ఇటువంటి పనిలో బీటన్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు 2000లో చెప్పిన పద్ధతినే చాలామంది అనుసరిస్తారు. ఇద్దరు విడివిడిగా అనువదించి, రెంటినీ కలిపి, తిరిగి ఇంగ్లీషులోకి మార్పించి, నిపుణులతో చూపించి, చివరికి 30 నుంచి 40 మంది రోగుల దగ్గర పరీక్షించాలి. అయితే తిరుగు అనువాదంలో ‘పోస్సు’ అయినా ‘కొన్సీగు’ అయినా వచ్చేది ఒకే ఇంగ్లీషు క్రియ. అంటే మన తగాదా ఆ జల్లెడలో నిలవనే నిలవదు. రోగి పక్కన కూర్చుని ‘ఈ మాట మీకెలా వినిపించింది’ అని అడిగితే తప్ప తేలదు.

గుంటూరు మాస్టారు: అడగండి, కాని ఏ పేరుతో అడుగుతారు? చిత్తుప్రతిలో తలనొప్పికి వైద్యులు వాడే ‘సెఫలేయా’ ఉంటే దాని మీద పాత స్వరచిహ్నం తీసివేశారా? 2009 నాటి వర్ణక్రమ సంస్కరణ నుంచి బ్రెజిల్‌లో అది అవసరం లేదు.

లిస్బన్ సభ్యురాలు: మాకు ఇక్కడ అంతకుముందూ లేదు, మాస్టారూ. అసలు రోగికి ఆ మాట ఎందుకు? ‘దోర్ ది కబేసా’ చాలు, మన తలనొప్పిలాగే చికాకు పెట్టే మనుషులకు కూడా వాడుతారు. పార్శ్వపు నొప్పికి ‘ఎన్‌షకేకా’ ఉంది. అది అరబ్బీ నుంచి వచ్చిన మాట, సగం తల అన్న భావం అందులోనే ఉంది.

గుంటూరు మాస్టారు: సగం అనేసరికి మన ఆయుర్వేదంలో సగం తలనొప్పికి పేరైన ‘అర్ధావభేదకం’ ఊరుకుంటుందా? దాని పక్కనే పొద్దుతో పాటు పెరిగే ‘సూర్యావర్తం’ కూడా ఉంది.

హైదరాబాదు పరిశోధకుడు: సూర్యుడంటే గుర్తొచ్చింది. బ్రెజిల్‌లోని రెసిఫీలో పుట్టిన కవి జువావ్ కబ్రాల్ దాదాపు జీవితమంతా తలనొప్పితో బాధపడి, ఆస్పిరిన్ బిళ్ళనే ఒక సూర్యుడిగా చేసి కవిత రాశాడు. మన వైద్యంలో సూర్యుడు నొప్పిని పెంచుతాడు, ఆయన కవితలో తీసేస్తాడు. ఆ కవి ఈ ప్రశ్నావళి నింపి ఉంటే, మందు మీది నమ్మకాన్ని తన మీది నమ్మకంగా గీత పెట్టేవాడా అన్నది నాకు క్రియ కంటే పెద్ద సందేహం.

సావో పావులో నుంచి: కవిగారిని కాసేపు విశ్రాంతి తీసుకోనిద్దాం. తెలుగులో నేనైతే ‘నావల్ల అవుతుంది’ అని రాస్తాను, అందులో అనుమతీ లేదు, చరిత్రా లేదు. ఇక్కడి వాడుకలో దానికి దగ్గరగా ‘దో కొంతా’ అంటారు. అది రాయవచ్చునా?

లిస్బన్ సభ్యురాలు: రాయవచ్చు. అయితే మా రోగులు దాన్ని ‘తలనొప్పిని గమనిస్తాను’ అని చదువుకుని, అందరూ ఏడు దగ్గరే గీత పెడతారు.