మత పెద్దల తరఫున కుటుంబ నియంత్రణ సేవల కోసం వినతిపత్రం: ఏం అడగాలి?

దారిదీపం
మూడు మతాల పెద్దలతో కమిటీ ఏర్పడింది. కుటుంబ నియంత్రణ సేవలు పేదవాళ్లకి అందుబాటు ఖర్చులో ఉండాలని ఆరోగ్య శాఖని అడగాలి. ఏమని రాయాలి? పద్ధతుల విషయంలో ముగ్గురిదీ తలో దారి. ఒకే మాట మీద ఎలా నిలబడాలి?

పద్దులపుస్తకం
"అవగాహన పెంచండి" అని మాత్రం రాయకండి. ఒక సదస్సు పెట్టి, ఫొటో దిగి చేతులు దులుపుకుంటారు. లెక్క రాయండి. గర్భం రాకుండా మూడు నెలలకోసారి వేసే ఇంజెక్షన్ 200 మంది వాడుతుంటే ఏడాదికి 800 డోసులు. సరుకు ఆలస్యమైతే ఆదుకోవడానికి మరో 200 నిల్వ. సిరంజిలు వేరే పద్దులో ఉంటే అవీ అన్నే కావాలి, లేకపోతే మందు ఉండీ సూది లేక వెనక్కి పంపేస్తారు.

కాపర్ టి వేయడం ఉచితం అంటే సరిపోదు, తీయడం కూడా ఉచితమని రాయించండి. తీయమంటే తిప్పుతున్నారన్న కబురు ఒక్కటి చాలు, ఇంకెవరూ వేయించుకోరు. నెలలో ఏ మందు ఎన్ని రోజులు నిల్వ లేదో చెప్పే లెక్క కమిటీకి ప్రతి నెలా ఇమ్మని అడగండి. ఆరోగ్య కేంద్రం తెరిచే వేళలూ చూడండి. కూలి పోగొట్టుకుని రావాల్సి వస్తే ఉచితం కూడా ఖరీదే.

నిదానం
పద్ధతుల మీద ఏకాభిప్రాయం రాదు, దాని కోసం కూర్చోవద్దు. కాథలిక్ చర్చి 1968 నాటి పోప్ లేఖలో కృత్రిమ పద్ధతులు వద్దని, సహజ పద్ధతులే సమ్మతమని చెప్పింది. ఆంగ్లికన్ బిషప్పులు 1930లోనే పరిమితులతో సరేనన్నారు. ఇస్లాంలో భార్యాభర్తలిద్దరూ ఒప్పుకుంటే తాత్కాలిక పద్ధతులు వాడొచ్చని చాలామంది పండితులు అంటారు, శాశ్వత ఆపరేషన్ దగ్గర అభ్యంతరాలున్నాయి. ఈ తేడాలు దాచకండి.

అందరూ కలిసేది ఒక్కచోట: కాన్పుకీ కాన్పుకీ మధ్య ఎడం. కాన్పయ్యాక కనీసం 24 నెలలు ఆగి మళ్లీ గర్భానికి ప్రయత్నించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. వేదిక మీద ఈ మాట చెప్పి, ఏ పద్ధతి అన్నది నర్సుకీ ఆ దంపతులకీ వదిలేయండి. ఇంతమందిని చేర్పించాలన్న లక్ష్యాలు పూర్తి చేయడం, బహుమతులివ్వడం లాంటివాటికి కమిటీ పేరు వాడనివ్వకండి. ఒత్తిడి ఉందన్న అనుమానం వస్తే మీ మాట మళ్లీ ఎవరూ వినరు.

దారిదీపం
పాలిచ్చే తల్లికి గర్భం రాదని ప్రసంగంలో చెప్పొచ్చా?

నిదానం
అలా విడిగా చెబితే ప్రమాదం. మూడూ కలవాలి: బిడ్డకి ఆరు నెలలు నిండకూడదు, రాత్రీపగలూ తల్లిపాలు తప్ప వేరే ఏదీ పట్టకూడదు, నెలసరి మళ్లీ మొదలవకూడదు. ఏ ఒక్కటి తప్పినా వెంటనే వేరే పద్ధతి కావాలి.

సహజ పద్ధతే కావాలనేవాళ్లకి రోజుల లెక్క ఉంది. నెలసరి మొదలైన రోజుని ఒకటిగా లెక్కించి 8 నుంచి 19వ రోజు వరకు కలయిక మానాలి. నెలసరి చక్రం 26 నుంచి 32 రోజుల మధ్య క్రమంగా వచ్చేవాళ్లకే ఇది నప్పుతుంది. బాలింతలకి నెలసరి కుదుటపడేదాకా వద్దు.

పద్దులపుస్తకం
ఇంజెక్షన్ గురించి ఇంకొకటి. మొదటి నెలల్లో రక్తస్రావం ఇష్టం వచ్చినట్టు అవుతుంది, తర్వాత నెలసరి ఆగిపోవచ్చు. ముందే చెప్పకపోతే చెడు రక్తం లోపలే నిలిచిందని భయపడి మానేస్తారు. మానేశాక గర్భం రావడానికి కొన్ని నెలలు పట్టొచ్చు, అదీ చెప్పాలి. ఈ మాటలకి నర్సుకి ఒక్కొక్కరితో పదిహేను నిమిషాలైనా, తలుపు వేసుకునే గది అయినా ఉండాలి. వినతిపత్రంలో ఈ గది కూడా అడగండి, అందరూ మరిచిపోయేది ఇదే.